సలహాల పెట్టె తాళం తీశాక: బ్యాంకు సిబ్బంది ఆలోచనలు అమలుకు రావాలంటే

మా ప్రాంతీయ కార్యాలయంలో సిబ్బంది సలహాల బాధ్యత నాకు అప్పగించిన రోజు నేను మొదట వెతికింది సలహాల పెట్టె తాళంచెవి. అది ఎవరి దగ్గరా లేదు. చివరికి తాళం పగలగొట్టించాం. లోపల 41 చీటీలున్నాయి. అన్నిటికన్నా అడుగున ఉన్నదాని మీద మూడేళ్ల కిందటి తేదీ ఉంది.

ఆ చీటీ రాసింది కౌంటర్‌లో పనిచేసే ఒక అమ్మాయి. చనిపోయిన ఖాతాదారుల క్లెయిముల గురించి రాసింది. "భర్త పోయిన ఒకావిడ ఈ నెలలో మన దగ్గరికి ఐదుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ఇంకో కాగితం కావాలన్నాం. మొదటి రోజే అన్నీ కలిపి చెప్పి ఉంటే రెండుసార్లు వస్తే సరిపోయేది" అని పైన నాలుగు ముక్కలు. కింద మూడు ప్రశ్నలు. ఖాతా ఒక్కరి పేరు మీద ఉందా, ఇద్దరి పేరు మీద ఉందా? నామినీ ఉన్నారా? ఉన్న మొత్తం మేనేజరు స్థాయిలో ఇచ్చేంతేనా, పైకి పంపాలా? ఈ మూడింటికి వచ్చే జవాబును బట్టి ఏయే కాగితాలు కావాలో స్కేలుతో గీతలు గీసి పట్టిక వేసింది. వెనక పేజీలో ఇంకో వాక్యం: "వీళ్లని క్యూలో నిలబెట్టకుండా పక్కన ఒక కుర్చీ వేసి కూర్చోబెడదాం."

అప్పటికి ఆమె వేరే బ్రాంచికి బదిలీ అయిపోయింది. ఫోన్ చేస్తే, "రెండు నెలలు ఎదురుచూశాను సార్, ఎవరైనా ఏదైనా అంటారేమోనని. తర్వాత ఇంకేమీ రాయలేదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఆశ వదిలేసుకున్న మనిషి ఎలా మాట్లాడతారో అలా మాట్లాడింది. అది నాకు ఎక్కువ బాధ కలిగించింది.

బ్యాంకు ఉద్యోగులకు సృజన తక్కువని, వాళ్లు రూలు పుస్తకం దాటి ఆలోచించరని చాలామంది అంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. రోజుకు వందమందిని చూసే మనిషికి ఎక్కడ పని ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో అందరికన్నా బాగా తెలుసు. కానీ వాళ్లు చెప్పినదానికి జవాబు రాదు, చెప్పడం అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఈ పని మొదలుపెట్టాలనుకునే మేనేజర్లకు, శాఖాధికారులకు నేను చెప్పే మొదటి మాట జవాబు గురించే.

పది పనిదినాల్లో జవాబు

ఏ సలహా వచ్చినా పది పనిదినాల్లోపు ఒక మనిషి, తన పేరుతో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు మూడు రకాల్లో ఒకటై ఉండాలి. చేద్దాం, ఫలానా తేదీన మొదలు. చేయలేం, కారణం ఇది. ఇంకొంచెం వివరం కావాలి, నేనే వచ్చి మాట్లాడతాను. "పరిశీలనలో ఉంది" అనే మాటను మేం పూర్తిగా మానేశాం. ఆ మాట చదివిన ఉద్యోగికి ఏం అర్థమవుతుందో మనందరికీ తెలుసు.

"చేయలేం" అని చెప్పడానికి భయపడకండి. కారణం సరిగ్గా చెబితే సిబ్బంది నొచ్చుకోరు. ఒక క్యాషియర్, చిన్న మొత్తాల చెల్లింపుల్లో రెండో అధికారి ఆమోదం తీసేస్తే క్యూ సగం తగ్గుతుందని రాశాడు. కుదరదని చెప్పడానికి అతని దగ్గరికే వెళ్లి అరగంట కూర్చున్నాను. ఎందుకు కుదరదో విన్నాక, "అయితే సార్, ఆమోదించే అధికారి సీటు నా వెనక్కి మారిస్తే? నేను లేచి వెళ్లి పిలవాల్సిన పని ఉండదు కదా" అన్నాడు. అంతే. నిబంధన నిబంధనలాగే ఉంది, సీటు మారింది, క్యూ తగ్గింది. మొదటి సలహాకు జవాబు రాకపోయి ఉంటే రెండోది పుట్టేదే కాదు.

టయోటా 1951లో మొదలుపెట్టిన ఉద్యోగుల సలహాల పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. బ్యాంకుకూ కార్ల ఫ్యాక్టరీకీ పోలిక ఏమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. పని చేసే మనిషే ఆ పనిలోని లోపాన్ని ముందు చూస్తాడన్నది రెండు చోట్లా ఒకటే.

ఇంకో చిన్న విషయం. "కొత్త ఐడియాలు ఇవ్వండి" అని సర్క్యులర్ పంపితే ఎవరికీ ఏమీ తోచదు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. నేను ప్రతి సోమవారం ఒకే ప్రశ్న అడుగుతాను: "పోయిన వారం కస్టమర్లు మీ దగ్గర ఏ మాట రెండోసారి అడిగారు?" రెండోసారి అడిగారంటే మన ఫారం గానీ, బోర్డు గానీ, మాట గానీ వాళ్లకు అర్థం కాలేదని లెక్క. అక్కడ తవ్వితే ఏదో ఒకటి దొరుకుతుంది. జనం ఏం చేస్తున్నారో చూడటం నేర్పండి. అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా 2005లో 'కీప్ ద ఛేంజ్' అనే పథకం తెచ్చింది. డెబిట్ కార్డుతో కొన్నప్పుడు బిల్లును పై పూర్తి డాలరుకు సరిచేసి, ఆ తేడా చిల్లరను పొదుపు ఖాతాలో వేస్తుంది. ఇంటి లెక్కలు రాసుకునే ఆడవాళ్లు కూడిక సులువుగా ఉంటుందని అంకెలను పైకి సరిచేసి రాసుకోవడం గమనించడంతో ఆ ఆలోచన పుట్టింది. ఎవరో కుదురుగా కూర్చుని చూశారు కాబట్టి అది దొరికింది.

నిబంధన ఏది, అలవాటు ఏది

నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చినది ఇదే. కాబట్టి వివరంగా చెబుతాను.

బ్యాంకులో ఎవరిని ఏమడిగినా "రూల్ సార్" అంటారు. ఆ రూలు ఎక్కడుందో చూపించమంటే సగం సార్లు దొరకదు. ఎప్పుడో ఒక ఆడిటర్ అడిగాడనో, పాత మేనేజరు మొదలుపెట్టాడనో, అదే అలా నడిచిపోతుంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ రెండూ కలగలిపి అప్పజెబుతాం. దాంతో ముందరి కాళ్లకు బంధం వేసినట్టవుతుంది. ఏది కదపకూడదో తెలియక దేన్నీ కదపరు.

ఏదైనా ఒక ఫారం తీసుకోండి. మేం చిరునామా మార్పు ఫారం తీసుకున్నాం. కౌంటర్లు మూసి, క్యాష్ లెక్క సరిచూసుకున్నాక నలుగురు క్లర్కులు, ఒక అధికారి, ఆడిట్ నుంచి ఒకరు బల్ల చుట్టూ కూర్చున్నాం. మూడు రంగుల పెన్నులు. ప్రతి గడి పక్కన దాన్ని అడుగుతున్నది ఎవరో రాయాలి. చట్టం లేదా నియంత్రణ సంస్థ అడిగితే ఎరుపు. మన బ్యాంకు పాలసీ అడిగితే నీలం. ఎవరు అడుగుతున్నారో ఎవరికీ తెలియకపోతే ఆకుపచ్చ. ఎరుపో నీలమో అంటే కాగితం చూపించాలి, మాట సరిపోదు.

ఆ ఫారంలో 34 గడులున్నాయి. 11 ఆకుపచ్చగా తేలాయి. ఫ్యాక్స్ నంబరు గడి ఒకటి ఇంకా ఉంది. తండ్రి పేరు రెండుచోట్ల ఉంది. ఒకే సంతకం మూడుచోట్ల చేయించుకుంటున్నాం, కంప్యూటర్‌లోకి ఎక్కేది ఒక్కటే. పదిహేనేళ్లుగా ఆ ఫారం తీసుకుంటున్న ఒక సీనియర్ క్లర్కు పెన్ను బల్ల మీద పెట్టి, "ఇన్నాళ్లూ నేను వీటి కోసమే జనాన్ని వెనక్కి పంపానా?" అన్నారు. గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ రోజు తర్వాత ఎక్కువ సలహాలు ఇచ్చింది ఆయనే.

ఆకుపచ్చ గడుల్ని వెంటనే కొట్టేయకండి. నెల రోజులు గడువిచ్చి, ఎవరికైనా అవసరముంటే చెప్పమని అన్ని విభాగాలకూ రాయండి. మాకు రెండు గడుల మీద అభ్యంతరం వచ్చింది. అందులో ఒకటి న్యాయమైనదే. మిగతావి తీసేశాం.

ఎరుపు గీత దగ్గర మాత్రం గట్టిగా నిలబడాలి. ఎంట్రీ వేసేవారు ఒకరు, ఆమోదించేవారు ఇంకొకరు అన్న మేకర్-చెకర్ పద్ధతి ఎందుకుందో ప్రతి కొత్త ఉద్యోగికీ కథలా చెప్పండి. 1762లో పుట్టిన బేరింగ్స్ బ్యాంకు 1995లో కూలిపోయింది. సింగపూర్‌లో నిక్ లీసన్ అనే ఒకే ఉద్యోగి చేతిలో ట్రేడింగూ, ఆ లావాదేవీల లెక్కలు తేల్చే పనీ రెండూ ఉన్నాయి. నష్టాలను 88888 అనే ఖాతాలో దాచాడు. చివరికి తేలింది 82.7 కోట్ల పౌండ్లు. ఈ సంగతి తెలిసిన ఉద్యోగి రెండో సంతకాన్ని అడ్డంకిగా చూడడు. కదపకూడని గోడ ఎక్కడుందో ఖచ్చితంగా తెలిసినప్పుడే మనిషి మిగతా జాగాలో ధైర్యంగా తిరుగుతాడు.

కాంప్లయన్స్ వాళ్లను మొదటి రోజే పిలవండి

కాంప్లయన్స్ అంటే మనం చట్టాన్ని, నిబంధనల్ని పాటిస్తున్నామో లేదో చూసే విభాగం. అంతా తయారయ్యాక సంతకం కోసం వాళ్ల దగ్గరికి తీసుకెళితే "కుదరదు" అంటారు. ఆ స్థితిలో వాళ్లు అనగలిగింది అదొక్కటే. చిత్తు కాగితం దశలోనే పిలవండి. అడిగే ప్రశ్న కూడా మార్చండి. "ఇది చేయొచ్చా?" అని అడిగితే జవాబు అవును, కాదుల్లో వస్తుంది. "ఇది చేయాలంటే ఏమేం ఉండాలి?" అని అడిగితే వాళ్ల అనుభవం మనకు తోడవుతుంది. ఆ కౌంటర్ అమ్మాయి వేసిన క్లెయిముల పట్టిక విషయంలో, ఇద్దరు వారసులు తగాదా పడుతున్న కేసుల్లో ఈ పట్టిక ఇవ్వకూడదని గుర్తుచేసింది కాంప్లయన్స్ అధికారే. మాలో ఎవరికీ అది తట్టలేదు.

చిన్నగా పరీక్షించడం

బ్యాంకులో ఒక్కసారిగా అన్ని బ్రాంచిల్లో ఏదీ పెట్టకూడదు. కస్టమర్ల డబ్బుతో, వాళ్ల వివరాలతో వ్యవహారం. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2016లో రెగ్యులేటరీ శాండ్‌బాక్స్ మొదలుపెట్టింది. కొద్దిమంది కస్టమర్లతో, కొద్దికాలం, నిఘాలో కొత్త సేవను పరీక్షించుకునే వీలు అది. ఆ పద్ధతిని ఒక బ్రాంచి స్థాయికి కుదించుకోవచ్చు.

మేం ఒక్క పేజీ పెట్టుకున్నాం. ఏం మారుస్తున్నాం, ఏ బ్రాంచిలో, ఎన్ని రోజులు, ఇప్పుడు పరిస్థితి ఎలా ఉంది, దేన్ని కొలుస్తాం, ఏం జరిగితే ఆపేస్తాం, ఆపే అధికారం ఎవరిది. చివరి రెండూ రాయకపోతే సంతకం పెట్టను. ఆపే అధికారం కౌంటర్‌లో ఉన్న మనిషికి కూడా ఉండాలి, ఎందుకంటే తేడా ముందు కనిపించేది వాళ్లకే. నమూనాల్లో కస్టమర్ అసలు ఖాతా నంబర్లు, పేర్లు, ఫోటోలు వాడకూడదు. కల్పిత వివరాలతోనే చేయాలి. ఇందులో మినహాయింపు లేదు.

పరీక్ష ఎలా చేయాలో చూడాలంటే, 2000 ప్రాంతంలో బ్యాంక్ ఆఫ్ అమెరికా అట్లాంటాలో దాదాపు పాతిక బ్రాంచిలను ప్రయోగశాలలుగా మార్చిన ఉదంతం బాగా పనికొస్తుంది. క్యూలో మూడు నిమిషాలు దాటితే జనానికి అసలు సమయం కన్నా చాలా ఎక్కువసేపు నిలబడ్డట్టు అనిపిస్తుందని వాళ్లు గమనించారు. కౌంటర్ల పైన టీవీలు పెట్టి చూశారు. టీవీలు లేని బ్రాంచితో పోల్చారు. కొత్తదనం మోజు తగ్గేదాకా ఒకటి రెండు వారాలు ఆగి అప్పుడు కొలిచారు. ఈ ఆగడం చాలా ముఖ్యం. మొదటి వారం అందరూ ఉత్సాహంగా చేస్తారు, లెక్క బాగా కనిపిస్తుంది. మేం క్లెయిముల పట్టికను ఎనిమిది వారాలు పరీక్షించి మొదటి రెండు వారాల లెక్క పక్కన పెట్టేశాం. కొలిచింది ఒక్కటే: ఒక్కో కుటుంబం ఎన్నిసార్లు రావాల్సి వచ్చింది. పరీక్షకు ముందు నెలల క్లెయిము ఫైళ్లు తిరగేసి పాత లెక్క ముందే తీసి పెట్టుకున్నాం. అది లేకుండా మొదలుపెట్టి ఉంటే చివర్లో "బాగుందనిపిస్తోంది" అనడం తప్ప ఏమీ చెప్పలేకపోయేవాళ్లం.

సమయం, టార్గెట్లు

ఇక్కడే చాలా మంచి ప్రయత్నాలు ఆగిపోతాయి. అట్లాంటాలోనూ ఈ చిక్కు వచ్చింది. అక్కడి సిబ్బంది జీతంలో పెద్ద భాగం అమ్మకాల టార్గెట్ల మీద ఆధారపడి ఉండేది. ప్రయోగాల శిక్షణకు, సమావేశాలకు పోయిన సమయం వాళ్ల బోనస్‌ను తినేసింది. ఆ బ్రాంచిలకు స్థిరమైన బోనస్ పెట్టి చూశారు. మిగతా బ్రాంచిల వాళ్లు నొచ్చుకున్నారు. కొన్ని నెలలకు మళ్లీ పాత పద్ధతికే వెళ్లారు. అంత పెద్ద సంస్థకే తేలికగా కుదరలేదంటే, మనం దీని గురించి ముందే ఆలోచించుకోవాలి.

టార్గెట్ల ఒత్తిడి మనిషి తెలివిని ఎటు తిప్పుతుందో వెల్స్ ఫార్గో వ్యవహారం చూపించింది. కస్టమర్లకు తెలియకుండా వాళ్ల పేరు మీద లక్షల ఖాతాలు తెరిచిన సంగతి బయటపడి 2016లో ఆ బ్యాంకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లు చేసిందీ ఒక రకం కొత్త దారి వెతకడమే. ఉద్యోగి బుర్ర ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. కస్టమర్ ఇబ్బంది తీర్చడానికి పనిచేస్తుందా, టార్గెట్ తప్పించుకోవడానికి పనిచేస్తుందా అన్నది పైనున్న మన మీద ఆధారపడి ఉంటుంది.

నేను చేసేది ఇంతే. పరీక్షలో ఉన్న ఉద్యోగి టార్గెట్‌ను ఆ వారాలకు తగ్గించి, ఆ తగ్గింపును కాగితం మీద పెట్టి, అప్రైజల్ ఫైల్లో చేర్చిస్తాను. నోటిమాటగా చెబితే మేనేజరు మారగానే ఆ మాట పోతుంది. వారానికి రెండు గంటలు పనివేళల్లోనే ఇవ్వాలి. సాయంత్రం ఇంటికి వెళ్లే సమయాన్ని దీనికి అడగడం అన్యాయం. క్యాష్ కౌంటర్‌లో ఉన్నవాళ్లు లేచి రాలేరు కాబట్టి వాళ్ల స్థానంలో ఎవరు కూర్చుంటారో ముందే రాసి పెట్టాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే ఇలాంటి సమావేశాల్లో ఎప్పుడూ ఆఫీసు వైపు వాళ్లే కనిపిస్తారు, కౌంటర్ వాళ్లు కనిపించరు.

బదిలీల సంగతీ అంతే. చార్జ్ అప్పగించే కాగితంలో నడుస్తున్న పరీక్షల పేర్లు, వాటి బాధ్యత చూసేవాళ్ల పేర్లు రాయించండి.

విఫలమైనప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట

ఒకసారి ఒక యువ అధికారి టోకెన్ పద్ధతి మార్చాడు. పని రకాన్ని బట్టి వేర్వేరు వరసలు. రెండో రోజుకే గందరగోళం. పెద్దవాళ్లు ఏ నంబరు తమదో తెలియక నిలబడిపోయారు. నేను బ్రాంచికి వెళ్లి హాలు మధ్యలో, అందరి ముందు, "ఇది ఎవరు చేయమన్నారు నిన్ను?" అన్నాను. చేయమని సంతకం పెట్టిన కాగితం నాదే. అది అతనికీ తెలుసు, అయినా ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆరు నెలల పాటు ఆ బ్రాంచి నుంచి ఒక్క చీటీ రాలేదు. నేను వెళ్లి అందరి ముందే క్షమాపణ చెప్పాక కూడా మొదటి చీటీ రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

అప్పటి నుంచి పరీక్ష ముగియగానే, గెలిచినా ఓడినా, అరగంట కూర్చుంటాం. ఏం జరుగుతుందనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది. మొదట మాట్లాడేది అందరికన్నా చిన్న ఉద్యోగి, చివర మేనేజరు. మేనేజరు ముందు నోరు తెరిస్తే మిగతావాళ్లకు దానికి వంత పాడడమే మిగులుతుంది. అట్లాంటా ప్రయోగాల్లో నూటికి ముప్పై విఫలమవ్వాలని ముందే అనుకున్నారు. మొదటి ఏడాది 40 ప్రయోగాల్లో విఫలమైనవి నాలుగే. నాకు ఆ నాలుగు అన్న అంకె ఆలోచించదగ్గదిగా అనిపిస్తుంది. విఫలం కావడం తక్కువైతే బహుశా తేలికైనవే ఎంచుకుంటున్నామని అర్థం.

అయితే ఒక తేడా సిబ్బందికి స్పష్టంగా చెప్పాలి. కాగితం రాసి, అనుమతితో, హద్దుల్లో చేసి విఫలమైతే అది నేర్చుకోవడం. పాస్‌వర్డు పక్కవాళ్లకు ఇవ్వడం, రెండో ఆమోదం దాటవేయడం తప్పు, దానికి విచారణ ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే గొంతుతో తిట్టే చోట మొదటిది ఎవరూ చేయరు, రెండోది దాచిపెడతారు.

బహుమతుల గురించి నేను ఎక్కువ చెప్పను. సర్క్యులర్‌లో "ఈ మార్పు సూచించినవారు" అని పేరు వేయండి. పై అధికారి పేరు మొదట వేయకండి. చాలు.

క్లెయిముల పట్టిక ఇప్పుడు మా ప్రాంతంలోని అన్ని బ్రాంచిల్లో ఉంది. పరీక్షలో ఎక్కువ కుటుంబాలకు రెండు రాకలతో పని తెమిలింది. పట్టిక అడుగున ఆ అమ్మాయి పేరుంది. కుర్చీ కూడా వేశాం. ఒక బ్రాంచిలో మాత్రం దాన్ని క్యాష్ కౌంటర్ ఎదురుగా వేశారు, అందరి చూపులూ వాళ్ల మీదే పడుతున్నాయి. పోయిన వారం ఆమె ఆ బ్రాంచికి వెళ్లి చూసి, ఇంకో చీటీ పంపింది. కుర్చీ ఎక్కడ ఉండాలో బొమ్మ గీసింది, ఈసారి కూడా స్కేలుతోనే. ఆమె బొమ్మలో చూపించిన మూల ఇప్పుడు పాత లెడ్జర్ల అల్మారా ఉంది. దాన్ని కదిలించడానికి రికార్డుల విభాగం అనుమతి కావాలి. ఆమెకు జవాబు ఇవ్వడానికి నాకు ఇంకా నాలుగు రోజులుంది.